నవ్వించే అనిమే చూసినవారికి అలాంటిదే మరొకటి ఎలా సూచించాలి

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కాలేజీ వయసు పిల్లలున్న ఇళ్ళలో జపాను యానిమేషన్ సిరీస్‌లను పిలిచే అనిమే అన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. హంగామా టీవీలో షిన్‌చాన్‌ను తెలుగు మాటలతో చూస్తూ పెరిగిన తరం నేడు హాస్టల్ గదుల్లో ఫోన్లు పట్టుకుని నెట్‌ఫ్లిక్స్‌లోనో క్రంచీరోల్‌లోనో జపాను హాస్య సిరీస్‌లను ఒకదాని వెంట ఒకటి చూస్తోంది. మీరు వారికంటే నాలుగు సిరీస్‌లు ముందుగా చూసినవారైతే, "అన్నా, అది అయిపోయింది, అట్లాంటిదే ఇంకోటి చెప్పన్నా" అని అడిగేవారు మీ చుట్టూ తప్పకుండా ఉంటారు. వారికి సరిపోయే సిరీస్‌ను ఎలా ఎంచాలో, ఎలా చెప్పాలో మెట్టుమెట్టుగా వివరిస్తాను.

పోరాటాల సిరీస్‌ను సూచించడం కొంత తేలిక, ఎందుకంటే అది నచ్చకపోయినా మనిషి కథ కోసం నాలుగు ఎపిసోడ్లు ఓపిక పడతాడు. హాస్యం విషయంలో ఆ ఓపిక ఉండదు. మొదటి పది నిమిషాల్లో నవ్వు రాకపోతే ఫోను పక్కన పెట్టేస్తారు, మీరు చెప్పే తరువాతి పేరును నమ్మడానికి కూడా వెనకాడతారు. చాలా సూచనలు ఇలా బెడిసికొట్టడానికి కారణం మనం కథల పోలికను చూడడమే. అడిగినవారు వెతికేది మాత్రం నవ్వుల పోలికను.

2016లో వచ్చిన రెండు సిరీస్‌లను చూడండి. కోనోసుబాలో కజుమా అనే కుర్రవాడు మాయలూ రాక్షసులూ ఉన్న మరో లోకంలో పడతాడు, రీ:జీరోలో సుబారు అనే కుర్రవాడు కూడా అలాంటి లోకంలోనే పడతాడు. ఒక్క వాక్యంలో చెబితే రెండు కథలూ ఒకటే. కానీ కజుమా తన వెంట పట్టుకొచ్చిన అక్వా అనే దేవతతో కలిసి కోటగోడ కట్టే కూలికి పోయి పొట్ట పోసుకుంటాడు. సుబారు మాత్రం మళ్ళీ మళ్ళీ చచ్చి, ఆ చావుల బాధనంతా గుర్తుంచుకుని మళ్ళీ మొదటికి వస్తాడు. కోనోసుబా చూసి పొట్ట పట్టుకుని నవ్విన పిల్లవాడికి రీ:జీరో ఇస్తే అది ఎంత గొప్ప సిరీస్ అయినా వాడి ఆకలి తీర్చదు. వాడికి ఇవ్వవలసింది 2013 నాటి ది డెవిల్ ఈజ్ ఎ పార్ట్ టైమర్. అందులో రాక్షసరాజు మన లోకానికి పారిపోయి వచ్చి, టోక్యోలో ఇరుకు గదిలో ఉంటూ బర్గర్ల దుకాణంలో గంటల లెక్కన పనిచేస్తాడు, మంచి ఉద్యోగి అనిపించుకోవడానికి తపించిపోతాడు. కథ పూర్తిగా తలకిందులైనా, మహాశక్తిమంతులు రోజు కూలికీ అద్దెకూ తడుముకోవడంలో పుట్టే నవ్వు రెండింటిలోనూ ఒకటే.

మొదటి మెట్టు: సన్నివేశాన్ని చెప్పించండి

ఎవరైనా వచ్చి అడిగినప్పుడు వెంటనే పేర్లు చెప్పకండి. "ఏ రకం ఇష్టం?" అని కూడా అడగకండి, ఎందుకంటే ఆ ప్రశ్నకు అందరూ "కామెడీ" అనే జవాబు చెబుతారు. దానికి బదులు "నీకు బాగా నవ్వొచ్చిన సీను ఒకటి చెప్పు" అని అడిగి, వారు చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఏ సన్నివేశం చెప్పారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ తీరులో చెప్పారన్నది అంతకంటే ముఖ్యం.

కొందరు పాత్ర ముఖాన్ని అభినయించి చూపుతారు, కళ్ళు పెద్దవి చేస్తారు, చేతులు విసురుతారు. అలాంటివారికి నవ్వు బొమ్మలోనూ కదలికలోనూ ఉందని అర్థం. కొందరు ఇద్దరి గొంతులతో మాటకు మాట అప్పజెబుతారు. వారు సంభాషణ ప్రియులు. కొందరు "వానికి ఆ సంగతి తెలియదు కదా, ఆయమ్మకు ఈ సంగతి తెలియదు కదా" అని పరిస్థితిని మొదటి నుంచీ వివరించుకుంటూ వస్తారు. వారిని నవ్వించేది అపార్థం. మరికొందరు సన్నివేశం చెబుతూ చెబుతూ "పాపం, ఆ పిల్ల భలే ఉంటుంది" అని ఆగిపోతారు. వారు కోరేది పగలబడి నవ్వడాన్ని కాదు, పెదవుల మీద చిరునవ్వు నిలిచిపోయే ఆప్యాయతను. ఈ నాలుగు తీరులనూ గుర్తుపట్టగలిగితే మీ పని సగం అయిపోయినట్టే.

దీనికి స్పై ఎక్స్ ఫ్యామిలీని మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే 2022లో మొదలైన ఆ సిరీస్‌ను మన ఊళ్ళలో అన్ని వయసులవారూ చూశారు, ఒక్కొక్కరు ఒక్కొక్క కారణంతో ఇష్టపడ్డారు. గూఢచారి లాయిడ్, కిరాయి హంతకురాలు యోర్, మనసులోని మాటలు వినగలిగే చిన్నపిల్ల ఆన్యా ముగ్గురూ ఒకరి రహస్యం ఒకరికి చెప్పకుండా ఒకే కుటుంబంగా నటిస్తారు. బుడ్డలంటే (వేరుశనగలంటే) ప్రాణం పెట్టే ఆన్యాను అనంతపురం పిల్లలు ఎందుకు సొంతం చేసుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ముగ్గురు అభిమానులు మీ ముందుకు వచ్చారనుకోండి.

మొదటివారు ఆన్యా ఇతరుల మనసులో మాట విని మొహం మార్చే తీరునే పదే పదే చెబుతారు. వారికి ది డిజాస్ట్రస్ లైఫ్ ఆఫ్ సైకీ కే చెప్పండి. అందులో సైకీ కూడా అందరి మనసులూ వినగలడు, పైగా అతనికి లేని అతీత శక్తి అంటూ లేదు, కానీ అతనికి కావలసిందల్లా ఎవరి కంటా పడకుండా బతకడం, ప్రశాంతంగా కాఫీ జెల్లీ తినడం. మెదడులో ఆలోచనే లేకపోవడం వల్ల సైకీకి మనసు వినిపించని నెండో అతని వెంటపడి స్నేహితుడినంటాడు. ఆన్యా విన్నది విని ఆశ్చర్యపోతుంది, సైకీ విన్నది విని విసుగుపడతాడు. నవ్వు మూలం మాత్రం ఒకటే.

రెండవవారు భార్యాభర్తలుగా నటిస్తున్న ఇద్దరి రహస్యాల గురించే మాట్లాడతారు. వారికి 2019లో మొదలైన కాగుయా-సామా: లవ్ ఈజ్ వార్ సరిపోతుంది. విద్యార్థి సంఘంలోని ఇద్దరు మహా తెలివైనవాళ్ళు ఒకరినొకరు ప్రేమిస్తూనే, ముందు నోరు విప్పినవారే ఓడిపోయినట్టు భావించి, ఎదుటివారి చేత ఆ మాట అనిపించడానికి యుద్ధవ్యూహాలు పన్నుతారు. ఫుజివారా అనే అమ్మాయి ఏమీ తెలియకుండానే వచ్చి ఆ వ్యూహాలన్నీ చెడగొడుతుంది. ప్రేమ వాసన మరీ ఎక్కువ అక్కరలేదన్నవారికి 2014 నాటి మంత్లీ గర్ల్స్ నొజాకి-కున్ మేలు. తన ప్రేమను చెప్పడానికి ధైర్యం చేసి వచ్చిన సకురాను, తన బొమ్మల కథల అభిమాని అనుకుని నొజాకి ఆటోగ్రాఫ్ చేతిలో పెట్టడంతో ఆ సిరీస్ మొదలవుతుంది. ఆ ఒక్క సన్నివేశం నచ్చితే మొత్తం పన్నెండు ఎపిసోడ్లూ నచ్చుతాయని నిస్సందేహంగా చెప్పవచ్చు.

మూడవవారికి గూఢచర్యం పట్టదు, పరాయివాళ్ళు ముగ్గురు నిజమైన కుటుంబంగా మారడమే వారికి కావాలి. అలాంటివారికి నేను బరాకమోన్ తప్ప మరొకటి ముందుగా చెప్పను. 2014లో వచ్చిన ఈ సిరీస్‌లో హండా అనే యువ లిపికళాకారుడు తన రాతను విమర్శించిన పెద్దాయన్ను కొట్టి, గోతో దీవుల్లోని పల్లెకు పంపబడతాడు. అక్కడ నరు అనే చిన్నపిల్ల, ఆమె వెంట ఊరు ఊరంతా అతని ఇంట్లోకి అనుమతి అడగకుండా వచ్చిపోతుంటారు. తలుపు గడియ పెట్టని పల్లెల్లో సెలవులు గడిపిన మన పిల్లలకు ఆ ఊరు జపానులో ఉందన్న సంగతే గుర్తుండదు.

రెండవ మెట్టు: నవ్వు పుట్టే తీరును పట్టి సిరీస్‌లను మనసులో అమర్చుకోండి

జపాను హాస్యంలో ఒక ముఖ్యమైన పద్ధతిని తెలుసుకుంటే చాలా సిరీస్‌లు వాటంతట అవే ఒక వరుసలోకి వస్తాయి. మంజాయ్ అనే రంగస్థల హాస్యంలో ఇద్దరు నిలబడి మాట్లాడతారు. బోకె అనే అతను అర్థంలేని మాట అంటాడు, త్సుక్కోమి అనే అతను వెంటనే అందుకుని దాన్ని దులిపేస్తాడు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో, రామాయణ కథ గంభీరంగా నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఒకరినొకరు దెప్పిపొడుచుకోవడం చూసినవారికి ఈ తీరు కొత్తగా అనిపించదు. సమురాయ్‌ల హాస్య సిరీస్ గింటామాలో గింటోకి, కగురా ఏదో ఒక పిచ్చిపని చేస్తే కళ్ళద్దాల షిన్‌పచి గొంతు చించుకుని అరిచేది ఈ త్సుక్కోమి పాత్రలోనే. కోనోసుబాలో ఆ పని కజుమా చేస్తాడు. సైకీ నోరు తెరవకుండా మనసులోనే చేస్తాడు. అందుచేత గింటామా అభిమాని సంభాషణలు అప్పజెప్పే రకమైతే కోనోసుబా, సైకీ కే రెండూ వారికి దగ్గరి చుట్టాలే, వాటి కథలకు సమురాయ్‌లతో సంబంధం లేకపోయినా సరే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే నవ్వు ఒకటి ఉంది. అక్కడ ఎంత విడ్డూరం జరిగినా ఎవరూ ఆశ్చర్యపోరు, దులిపేవారు ఉండరు. వన్ పంచ్ మ్యాన్‌లో సైతామా లోకాన్ని కూల్చే రాక్షసుణ్ణి ఒక్క గుద్దుతో చంపి, దుకాణంలో తగ్గింపు ధరలు అయిపోతాయేమోనని దిగులుపడతాడు. రోజుకు వంద పుషప్పులు, వంద సిటప్పులు, వంద గుంజీలు, పది కిలోమీటర్ల పరుగు మూడేళ్ళపాటు చేయడమే తన బలానికి రహస్యమని అతను నిజాయితీగా చెబితే విన్నవారికి కోపం వస్తుంది. ఈ నిర్లిప్త ముఖమే నచ్చినవారికి 2023 నాటి మాష్లే దగ్గరగా ఉంటుంది. మంత్రాల బడిలో మంత్రం రాని కుర్రవాడు కండబలంతోనే అన్ని పరీక్షలూ గెలుస్తాడు. ఇంకా పాతదానికి వెళ్ళగలిగినవారికి 2003 నాటి క్రోమార్టీ హైస్కూల్ ఇవ్వండి, అందులో తరగతి గదిలో ఒక గొరిల్లా కూర్చుని ఉంటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక్కో ఎపిసోడ్ పన్నెండు నిమిషాలే కనుక పరీక్షల రోజుల్లో కూడా అది బరువు కాదు. వన్ పంచ్ మ్యాన్ రాసిన రచయితదే మాబ్ సైకో 100 కూడా, కానీ అందులో మనసును తాకే పాలు ఎక్కువ. కనుక "ఒకే రచయిత" అన్న కారణంతో కాకుండా, సైతామా ఒంటరితనం గురించి మాట్లాడినవారికి మాత్రమే దాన్ని చెప్పండి.

రచయితకంటే దర్శకుడి పేరు మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని ఇక్కడే చెప్పాలి. హాస్యానికి ప్రాణం లయ, మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగాలన్నది. దాన్ని నిర్ణయించేది దర్శకుడు. క్రోమార్టీ హైస్కూల్‌కూ, సైకీ కే సిరీస్‌కూ దర్శకుడు హిరోఅకి సకురాయ్ అని తెలిస్తే, పదమూడేళ్ళ దూరంలో వచ్చిన ఆ రెండింటిలోనూ విడ్డూరాన్ని చల్లగా చూసే తీరు ఒకటే ఎందుకయిందో అర్థమవుతుంది. అలాగే గింటామా తొలి భాగాలను తీసిన షింజీ తకమత్సు 2012లో డైలీ లైవ్స్ ఆఫ్ హైస్కూల్ బాయ్స్ తీశాడు, అందులో హిదెనొరికి గొంతు ఇచ్చింది గింటోకికి గొంతు ఇచ్చిన తొమొకజు సుగీతానే. గింటామా అభిమానికి ఈ పన్నెండు ఎపిసోడ్లు చూపితే మొదటి ఐదు నిమిషాల్లోనే తన ఇంటికి వచ్చినట్టు అనిపిస్తుంది. ఏరు గట్టున కూర్చున్న కుర్రవాడి పక్కకు ఒక అమ్మాయి వచ్చి, కవిత్వం నిండిన మాట ఏదో అతను అంటాడని ఎదురుచూసే సన్నివేశంలో నిశ్శబ్దాన్ని ఎంతసేపు సాగదీశారో గమనించమని కూడా చెప్పండి.

బొమ్మలోని అతిశయోక్తిని ఇష్టపడేవారికి నేను ఒకే పేరు చెబుతాను, అది నిచిజో. క్యోటో యానిమేషన్ వారు 2011లో ఇరవై ఆరు ఎపిసోడ్లుగా తీసిన ఆ సిరీస్‌లో బడి ప్రధానోపాధ్యాయుడు ఒక జింకతో కుస్తీ పడతాడు. ఆ కుస్తీని పోరాట సిరీస్‌లో ఆఖరి యుద్ధానికి పెట్టేంత శ్రద్ధతో గీశారు. చిన్న విషయానికి పెద్ద యుద్ధమంత బొమ్మను ఇవ్వడంలోనే ఆ నవ్వంతా ఉంది.

ఆప్యాయత కోరేవారికి బరాకమోన్ తరువాత ఏమి చెప్పాలన్నది మన ప్రాంతంలో తేలికైన ప్రశ్న. 2013 నాటి సిల్వర్ స్పూన్‌లో సప్పొరో నగరపు పిల్లవాడు హచికెన్ చదువుల ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికి హొక్కైదోలోని వ్యవసాయ పాఠశాలలో చేరతాడు, తెల్లవారకముందే లేచి పశువుల పని నేర్చుకుంటాడు, మాంసం కోసం పెంచే పందిపిల్లకు పేరు పెట్టి దాని మీద మమకారం పెంచుకుంటాడు. ఆ కథ రాసిన హిరోము అరకావా స్వయంగా హొక్కైదో పాడిరైతుల బిడ్డ, అందుకే అందులో రైతుల అప్పులూ, పాడి పశువులను అమ్ముకోవలసి రావడమూ హాస్యం మధ్యనే నిజాయితీగా వస్తాయి. వానను నమ్ముకుని బుడ్డలు వేసే ఇంటి పిల్లలు ఈ సిరీస్‌ను చూస్తే నవ్వవలసిన చోట నవ్వుతారు, బయటివారు తేలిగ్గా దాటిపోయే చోట ఆగుతారు. ఇది మరింతమందికి తెలియాలని నా గట్టి కోరిక.

మూడవ మెట్టు: ఏ భాషలో, ఏ వేగంతో చూస్తారో తెలుసుకోండి

చాలా సిరీస్‌లు జపాను మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతోనే దొరుకుతాయి. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషును నిదానంగా చదివేవారికి షిన్‌పచి అరుపుల వంటి పొడవైన మాటలు చదవడం పూర్తయ్యేలోపు బొమ్మ మారిపోతుంది, నవ్వు ఆలస్యంగా వచ్చి చప్పబడుతుంది. అది వారి లోపం కాదు, మీరు ముందుగా ఆలోచించవలసిన విషయం. అలాంటివారికి ముఖాలూ కదలికలూ నవ్వించే నిచిజో, మాష్లే, వన్ పంచ్ మ్యాన్ వంటివి ముందు చెప్పి, మాటల మీద నడిచేవి తరువాతికి ఉంచండి. క్రంచీరోల్‌లో కొన్ని సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. పేరు చెప్పేముందు ఆ సిరీస్ పేజీలో ఏ ఏ భాషల ఆడియో ఉందో ఒకసారి చూసి చెప్పడం మంచిది.

కొన్ని సిరీస్‌లలో నవ్వు జపాను సంగతులు తెలిస్తేనే అందుతుంది. 2012 నాటి జోషిరాకు మొత్తం మాటల విరుపుల మీద నడుస్తుంది, 2007 నాటి సయోనారా జెత్సుబో సెన్సెయ్ అప్పటి జపాను వార్తలనూ మనుషులనూ ఎత్తిపొడుస్తుంది. ఇవి మంచి సిరీస్‌లే, కానీ ఎవరికీ మొదటి మూడు సూచనల్లో చెప్పకండి. గింటామా ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అందులో ఎత్తిపొడుపులు చాలావరకు పేరున్న ఇతర అనిమేల మీదే కనుక, నరుటో, డ్రాగన్ బాల్ వంటివి చూసినవారికి అది రెట్టింపు ఫలితం ఇస్తుంది, ఏమీ చూడనివారికి సగమే అందుతుంది.

నాలుగవ మెట్టు: పక్కన ఎవరు కూర్చుని చూస్తారో అడగండి

ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా అడగాలి, ఎందుకంటే హాస్య సిరీస్‌లలో బూతు ఎక్కడ వస్తుందో పేరును బట్టి తెలియదు. 2018లో మొదలైన గ్రాండ్ బ్లూను సముద్రంలో డైవింగ్ నేర్చుకునే కాలేజీ పిల్లల కథ అని చెప్పి వదిలేస్తే సగం నిజమే చెప్పినట్టు. అందులో మందు తాగడం, బట్టలు విప్పి తిరగడం ప్రతి ఎపిసోడ్‌లోనూ ఉంటాయి, ఊలాంగ్ టీ అని ఇచ్చిన గ్లాసులోనిది అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ఇంజనీరింగ్ హాస్టల్ కుర్రవాళ్ళు దాన్ని చూసి నవ్వినంతగా మరి దేన్నీ చూసి నవ్వరు, కానీ అమ్మ, చెల్లెలు ఉన్న హాల్‌లో టీవీకి తగిలించే సిరీస్ అది కాదు. కోనోసుబాలోనూ, గింటామాలోనూ మోటు హాస్యం ఉంది. గ్రాండ్ బ్లూలోని స్నేహితుల అల్లరి మాత్రమే కావాలి, మిగిలినది వద్దు అన్నవారికి డైలీ లైవ్స్ ఆఫ్ హైస్కూల్ బాయ్స్ ఆ లోటును చాలావరకు తీరుస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చునే చోటికి సిల్వర్ స్పూన్, బరాకమోన్, స్పై ఎక్స్ ఫ్యామిలీ నిశ్చింతగా చెప్పవచ్చు. ఉద్యోగంలో చేరి ఆఫీసు విసుగుతో ఉన్న అక్కలకు నెట్‌ఫ్లిక్స్‌లోని అగ్రెట్సుకోను తప్పక చెప్పండి. పై అధికారి పెట్టే బాధలను దిగమింగుకుని, రాత్రి కరావొకే గదిలో గొంతు చించుకుని పాడే గుమాస్తా రెత్సుకో వారికి వెంటనే దగ్గరవుతుంది.

ఐదవ మెట్టు: ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి

పేరు ఒక్కటి చెప్పి పంపితే సూచన పూర్తి కాదు. గింటామా మొత్తం 367 ఎపిసోడ్లు. ఆ అంకె వింటేనే సగం మంది వెనక్కి తగ్గుతారు. పైగా మొదటి రెండు ఎపిసోడ్లు మూల కథలో లేనివి, అప్పటికే ఆ కథ చదివినవారి కోసం పాత్రలన్నిటినీ ఒకేసారి తెచ్చి చూపినవి, కొత్తవారికి అవి గందరగోళం. మూడవ ఎపిసోడ్‌లో షిన్‌పచి గింటోకిని కలుసుకునే చోట అసలు కథ మొదలవుతుంది కనుక అక్కడి నుంచి చూడమనండి. చాలా ఎపిసోడ్లు దేనికదే విడి కథ కాబట్టి మొదట్లో అన్నీ వరుసగా చూడాలన్న బలవంతమూ లేదు.

సైకీ కే సిరీస్‌లో ఒక్కో ఎపిసోడ్‌లో ఐదు నిమిషాల చిన్న కథలు కొన్ని కలిసి ఉంటాయి. అది బస్సు ప్రయాణాలకు ఎంతో అనువైనది. ఆత్మకూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్ళేముందే రెండు ఎపిసోడ్లు దింపుకుని పెట్టుకుంటే సిగ్నల్ పోయినా ఇబ్బంది ఉండదు. నిచిజోకు మాత్రం మూడు ఎపిసోడ్ల గడువు అడగండి, ఆ లోకానికి అలవాటు పడేందుకు కొంత సమయం పడుతుంది. మిగిలినవాటికి మొదటి ఎపిసోడే సరైన వాకిలి.

ఆరవ మెట్టు: తక్కువ చెప్పండి

సిరీస్‌ను సూచించేటప్పుడు మీకు నచ్చిన జోకును చెప్పాలని నోరు ఊరుతుంది. చెప్పకండి. చెప్పిన జోకు తెర మీదికి వచ్చేసరికి ఎదుటివారు మర్యాద కోసం నవ్వుతారు. మూడు సంగతులు చెబితే చాలు: వారికి నచ్చినదానితో ఇది ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ వేరవుతుంది, ఎంతవరకు చూసి తేల్చుకోవాలి. ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు: "నీకు ఆన్యా మనసులో మాటలు వినడం నచ్చింది కదా, దీంట్లో కూడా అట్లాంటోడే ఉండాడు, కాకపోతే వాడు అసలు నవ్వడు. రెండు ఎపిసోడ్లు చూడు, నచ్చకపోతే వదిలేయ్." ఎక్కడ వేరవుతుందో చెప్పడం మరవకండి, ఎందుకంటే అచ్చం అలాగే ఉంటుందని చెబితే చూసేవారు ప్రతి నిమిషమూ పాతదానితో పోల్చుకుంటూ కొత్తదాన్ని ఆనందించలేరు. ఒకేసారి ఐదు పేర్లు కూడా చెప్పవద్దు. ఒకటి చెప్పి, అడిగితే రెండవది చెప్పండి.

"ఇది చూసి నవ్వకపోతే నీకు హాస్యం తెలియదు" వంటి మాటలు పొరపాటున కూడా అనకూడదు. నవ్వు రాకపోవడం నేరం కాదు, అది మీకు తరువాతి సూచనకు అందే ఆధారం.

ఏడవ మెట్టు: వారం తరువాత మళ్ళీ కనుక్కోండి

చూశావా లేదా అని నిలదీయకుండా, ఎక్కడ ఆగిపోయావని అడగండి. మొదటి ఎపిసోడ్ మధ్యలోనే ఆగిపోతే నవ్వు తీరు కలవలేదన్నమాట, మొదటి మెట్టుకు వెళ్ళి మరో సన్నివేశం చెప్పించండి. నాలుగైదు ఎపిసోడ్ల తరువాత ఆగిపోతే నవ్వు తీరు కలిసింది, కానీ అదే రకం జోకు మళ్ళీ మళ్ళీ వచ్చి విసుగు పుట్టింది. అలాంటివారికి పాత్రలు మారుతూ, కథ ముందుకు నడిచే సిరీస్ కావాలి. కాగుయా-సామా అందుకు మంచిది, అందులో మూడవ సీజను వచ్చేసరికి పాత్రలు మొదట్లో ఉన్న చోట ఉండవు.

చివరగా, గింటామా ఆఖరి ఎపిసోడ్ దాకా చూసేసి, 2021లో వచ్చి కథను ముగించిన సినిమా కూడా చూసి, "ఇంక ఏదీ అట్లా లేదన్నా" అని దిగులుగా వచ్చేవారు ఉంటారు. వారికి దానికి సాటి వచ్చే మరొకటి ఉందని అబద్ధం చెప్పకండి, ఎందుకంటే అన్నేళ్ళు ఒకే మనుషుల మధ్య గడిపిన అనుభవాన్ని పన్నెండు ఎపిసోడ్లు తీర్చలేవు. వారికి 2018 నాటి హినామత్సురి చెప్పండి. నిత్తా అనే యకుజా (జపాను నేరముఠా) మనిషి గదిలోకి ఎక్కడి నుంచో అతీత శక్తులున్న పిల్ల ఒకతె ఊడిపడుతుంది, అతను ప్రాణంగా చూసుకునే పూలకూజాలు పగులుతాయి. అంజు అనే మరో పిల్ల ఇల్లు లేనివారి మధ్య కూలినాలి చేసుకుని బతకడం నేర్చుకుంటుంది, అప్పటిదాకా నవ్విన మనిషి హఠాత్తుగా కళ్ళు తుడుచుకుంటాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడవడం గింటామా వారికి ఇచ్చిన అలవాటు, దాన్ని నిలబెట్టే సిరీస్ ఇదేనని నా అభిప్రాయం. అది కూడా పూర్తయ్యాక ఇంకా కావాలంటే గింటామా మూల కథ బొమ్మల పుస్తకాలుగా ఉంది, వాటిని మొదటి సంపుటం నుంచి చదవమనండి.